ఉన్ని కూరిన ఇల్లు

నైరీ ఆ గ్యాస్ హీటరును వ్యాన్లోంచి దింపి, హీటర్లు బాగుచేసే షాపులో ఫర్గస్ బూట్ల ముందుకి ఒక్క తోపు తోసింది. చక్రాలున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే విసిరేసేదే.

“మళ్లీ ఆరిపోయింది!”

“మళ్లీనా?” ఫర్గస్ నోరెళ్లబెట్టాడు. “నిన్నంతా ఇక్కడ వెలిగించే ఉంచానండీ. నిక్షేపంలా వెలిగింది.”

“మీ దగ్గర వెలుగుతుంది, మా ఇంట్లో ఆరుతుంది. దానికి మేమంటే గిట్టదా?”

“మీరు దాన్ని తిడుతున్నారేమో.”

“దాన్ని కాదు, మిమ్మల్ని తిడుతున్నాను. రోజూ!”

ఫర్గస్‌కి నవ్వొచ్చింది. కానీ ఆ పిల్ల కళ్లలో నీళ్లు కనపడేసరికి నవ్వు ఆపుకున్నాడు.

“ఇవాళ మా పెద్దమ్మ క్రైస్ట్‌చర్చ్ నుంచి వస్తోంది,” అంది నైరీ. “ఇల్లు వెచ్చగా లేకపోతే అమ్మమ్మని తీసుకుపోతుందట. ఈ బ్లఫ్ ఊరి సముద్రం కనపడకపోతే మా అమ్మమ్మకి ముద్ద దిగదు. నాకా, ఆవిడ తప్ప ఎవరూ లేరు. అందులో ఆర్పేసే ముక్క ఏదో ఉంటుందటగా? దాన్ని పీకెయ్యండి.”

“పీకడమా! తల పోయినా పీకను.”

“అయితే మీరే వచ్చి చూడండి!”

హీటరుని మళ్లీ వ్యాన్లో ఎక్కించి వెళ్లాడు. పాత చెక్క ఇల్లు. బయట దక్షిణ ధ్రువం నుంచి వచ్చే చలిగాలి పళ్లు కొరుకుతోంది. గదిలో మాత్రం గాలి కదలిక లేదు. అమ్మమ్మ దుప్పటి కప్పుకుని కుర్చీలో కునుకు తీస్తోంది.

ఫర్గస్ సిలిండరు చూశాడు, గొట్టం చూశాడు, మంట చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. హీటరు వెలిగించి, అది ఆరేదాకా చూద్దామని కూర్చున్నాడు. నైరీ టీ, వేడి వేడి చీజ్ రోల్స్ పెట్టింది. ఇక ఆ పెద్దమనిషి హీటరుని చూశాడా, నైరీని చూశాడా అంటే, నైరీనే చూశాడు.

“ఏంటలా చూస్తున్నారు?”

“హీటర్ని.”

“హీటరు అటుంది.”

ఫర్గస్ చెవులు ఎర్రబడ్డాయి.

“తల దిమ్ముగా ఉందే పిల్లా,” అంది అమ్మమ్మ కళ్లు తెరవకుండానే. “వారం నుంచీ ఇంతే. చలికే అయ్యుంటుంది.”

సరిగ్గా అప్పుడే హీటరు టప్పున ఆరిపోయింది.

“చూశారా! ఇల్లేమో చీమ దూరే సందు లేకుండా చేశాను,” అంది నైరీ గర్వంగా. “నేను పనిచేసే గొర్రెల షెడ్డు నుంచి ఉన్ని తెచ్చి నా చేత్తో కూరాను. పొయ్యి గూట్లో, నేల సందుల్లో, గోడ కంతల్లో. కిటికీలకి ప్లాస్టిక్ కాగితం అంటించాను. మా షెడ్డువాళ్లందరూ ఇంతే, ఉన్ని ఉండగా చలేంటి?”

ఫర్గస్ అప్పుడు చూశాడు గదిని.

“అయ్య బాబోయ్!” ఒక్క దూకున కిటికీ దగ్గరికెళ్లి ప్లాస్టిక్ కాగితం చింపేశాడు. పొయ్యి గూట్లోంచి ఉన్ని గుప్పిళ్లతో లాగిపారేశాడు.

“పిచ్చెక్కిందా నీకు? వారం కష్టపడ్డాను!”

“అమ్మమ్మగార్ని బయటికి తీసుకురా! ముందు తీసుకురా!”

ఆ అరుపుకి నైరీ అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఇద్దరూ కలిసి అమ్మమ్మని వరండాలో కూర్చోబెట్టారు.

“మంట మండితే గదిలో గాలి తినేస్తుంది నైరీ. కొత్త గాలి రాకపోతే మిగిలేది విషం. అది పసిగట్టే హీటరు తనంతట తానే ఆరిపోతోంది. ఈ ఇంట్లో బుద్ధున్నది దానికొక్కదానికే.”

నైరీ మొహం పాలిపోయింది. “ఆ ముక్క పీకెయ్యమన్నాను కదా నిన్ను. నువ్వు పీకేసుంటే...”

అమ్మమ్మ ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఊరుకోవే. నన్ను చంపడం అంత తేలికా?” అంది అమ్మమ్మ.

ఫర్గస్ ఫోన్ చేస్తే నర్సొచ్చి పరీక్ష చేసి, గండం గడిచిందంది. ఈలోగా ఫర్గస్ గోడ కంతల్లోని ఉన్ని అంతా లాగేసి, కిటికీ కొంచెం తెరిచి పెట్టి హీటరు వెలిగించాడు. ఆరలేదు. అమ్మమ్మ లోపలికొచ్చి కూర్చున్నా ఆరలేదు.

పెద్దమ్మ రానే వచ్చింది. గదినిండా ఉన్ని, చిరిగిన ప్లాస్టిక్, ఏడ్చిన మొహాలు. జరిగింది విని గుండె మీద చెయ్యేసుకుంది.

“చాలు తల్లీ, అమ్మని తీసుకుపోతాను. ఇవాళంటే ఈ అబ్బాయున్నాడు. రేపు నువ్వు మళ్లీ ఏదో ఒకటి కూరితే చూసేదెవరు?”

“నేను చూస్తాను,” అన్నాడు ఫర్గస్. “రోజూ వస్తాను.”

“రోజూనా? ఎన్నాళ్లు?”

“నైరీ వద్దనేదాకా.”

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. నైరీ చేతిలో కప్పు జారి కిందున్న ఉన్నిలో పడింది.

“నేను వద్దనను,” అంది నైరీ, ఎవరి మొహమూ చూడకుండా.

“ఓరి నాయనో! కిటికీ తెరిస్తే గాలొస్తుందనుకున్నాను గానీ, పెళ్లికొడుకొస్తాడనుకోలేదే!” అంది అమ్మమ్మ.

పెద్దమ్మ ఫర్గస్‌ని ఎగాదిగా చూసింది. హీటరుని చూసింది. తర్వాత నుదుటి చెమట తుడుచుకుని, “ఇల్లు వెచ్చగానే ఉందిలే,” అంటూ కోటు విప్పి కుర్చీకి తగిలించింది.