పాట మధ్యలో ఖాళీ

పోర్టులో ఇరవై రెండేళ్లు మూటలు మోసే కళాసీగా బతికాను. సమ్మెలో లాఠీ దెబ్బలు తిన్నాను. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి, 1979లో ఆ వానాకాలపు ఆదివారం వరకు.

మా గ్యాంగులో నా జోడీ జాన్‌బాబు. గిటారు పిచ్చోడు. గోపాలపట్నంలో వాళ్లిల్లు. చర్చి నుంచి రాగానే నన్ను పిలిచాడు. ఓడ వంటవాడికి రెండు సీసాల సారా ఇచ్చి ఒక రికార్డు తెచ్చాడట. పెద్ద పేరున్న నల్లజాతి గిటారిస్టుది. పేరు రాకముందు చేసిన మొదటి ఆల్బం, కంపెనీ మళ్లీ అచ్చేసింది. జైలు కూలీలు రాళ్లు కొడుతూ పాడే పాటలట. వాళ్ల వెనక కొరడా పట్టుకున్న మేస్త్రీ ఉండే ఉంటాడు. ఏ దేశమైనా అంతే.

బయట వాన. వంటింట్లో వాడి భార్య దీవెనమ్మ చేపలు వేయిస్తోంది. జాన్‌బాబు సూది పెట్టాడు. గిటారు మూలిగింది. ఒక గొంతు పిలిచింది. తర్వాత ఖాళీ. సూది గీరే చప్పుడు, అంతే. మళ్లీ పిలుపు... మళ్లీ ఖాళీ.

"ఇక్కడెవులో పలకాల బావా," అన్నాడు. "పలికినోళ్లని తీసేసినారు."

మా పనిలో పిలుపు వస్తే పలికి తీరాలి. ఒకడు పలక్కపోతే బరువు పక్కవాడి మెడ మీద పడుతుంది. అలా చచ్చినవాళ్లని మోశాం. మూటలెత్తేటప్పటి అలవాటు కొద్దీ జాన్‌బాబు "ఐసా" అన్నాడు.

ఛళ్.

చొక్కా నిలువునా చిరిగింది. వీపు మీద ఎర్రటి గీత లేచింది. గదిలో మేమిద్దరమే...

మళ్లీ పిలుపు. పళ్లు బిగించాడు. గొంతు ఆగలేదు. "ఐసా." ఛళ్. మాంసం తెగింది. నెత్తురు గోడ మీద చిందింది. చేపల వాసన పోయి తడి ఇనుము వాసన కొట్టింది. ప్లగ్గు పీకేశాను. రికార్డు తిరుగుతూనే ఉంది. గోడకున్న మూటల కొక్కెం లాగి దాన్ని ముక్కలు చేశాను.

పిలుపు ఆగలేదు.

జాన్‌బాబు నేల మీద పాకుతున్నాడు. "నాను పలకలేను బావా... నువ్వందుకో."

పిలుపు వచ్చింది. చేత్తో వాడి నోరు మూశాను. నేనే పలికాను.

ఛళ్.

దెబ్బ వినిపించింది. నొప్పి తెలియలేదు. పాట ఆగింది. నా చేతి కింద వాడి ఊపిరీ ఆగింది.

సాయంత్రం వాడి శవానికి ఒళ్లు కడుగుతూ దీవెనమ్మ నన్ను లోపలికి రమ్మంది. దీపం దగ్గరగా పట్టింది. కొత్త గాయాల కింద పాత మచ్చలు. ఎన్నో ఏళ్ల కిందట మానినవి... లెక్కలేనన్ని.

"నిన్ననే నూనె రాసినాను అన్నయ్యా," అంది మెల్లగా. "ఏటీ లేవు."

ఆ తర్వాత నా భార్య ముందు కూడా చొక్కా విప్పలేదు. స్నానం చేస్తే చెయ్యి వీపు మీదికి పోకుండా భుజం దగ్గరే ఆపేస్తాను. ఆ ఒక్క దెబ్బ ఎక్కడ పడిందో ఇప్పటికీ తడిమి చూసుకోలేదు.