ఆకుపచ్చ ఇంజనుకు బయానా

సికింద్రాబాద్‌లో పాత బొమ్మ రైళ్ల సంత జరుగుతున్న హాలు మెట్ల మీద, పట్టపగలు, పదిమంది నడుమ, ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని జనం పక్కనుంచి దాటిపోయారు. మెడ వెనక సూదిమొనంత మచ్చ. జేబులు ఖాళీ. వెంటపడుతున్న అడుగుల చప్పుడు విని, దాచవలసిన వస్తువును అతడు అప్పటికే ఒక దుకాణంలోని అట్టపెట్టెలోకి జారవిడిచాడు.

మరి కొన్నాళ్లకు హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ యోగేశ్ ముందు ఒక ఫొటో పడింది. అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ రైలింజను. ఒక పక్క రంగు పెచ్చులూడింది.

"బొమ్మా, మేడమ్?"

"బొమ్మే," అంది చీఫ్ గుల్జార్ బేగం. "కడుపులో గోరంత చిప్. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ల అసలు పేర్లు అందులో ఉన్నాయి. దొంగిలించినవాడు సికింద్రాబాద్ సంతలో కొనబోయేవాళ్ల చేతిలోనే పోయాడు. వాడు నెట్‌లో పంపలేకపోయాడు, మన నిఘా ఉంది. అందుకని పాత బొమ్మల దారి పట్టాడు. సంతల్లో చేతులు మారుతుంది, ఆన్‌లైన్‌లో చేతులు మారుతుంది, ఎవరూ అడగరు. కాపీ లేదు. అదొక్కటే."

"ఆ పేర్లలో..."

"అమర్నాథ్ ఉన్నాడు."

యోగేశ్ ఫొటోను చేతిలోకి తీసుకున్నాడు. శిక్షణలో తనతో ఒకే గదిలో పడుకుని, ఒకే బకెట్టు నీళ్లు పంచుకున్న అమర్నాథ్. ఇప్పుడు ఏ పరాయి ఊళ్లో, ఏ పరాయి పేరుతో, ఏ బట్టీ ముందు రొట్టెలు కాలుస్తున్నాడో ఈ గదిలో ఇద్దరికే తెలుసు.

"అతడి మీద అక్కడ అనుమానం మొదలైంది. రుజువు లేదు. మనం పోలీసులతో వెళ్లి ఆ బొమ్మను లాక్కుంటే, అతడి కోసమే వచ్చామని వాళ్లకు అదే రుజువు. రెయిడ్ లేదు. గన్ లేదు. ఐడీ కార్డు బయటికి తీయడానికి వీల్లేదు. పాత సరుకు కొనేవాడిలా వెళ్లి, కొనుక్కుని రా."

"అమ్మేదెవరు?"

"నరసరావుపేటలో పాండురంగారావు అనే వ్యాపారి. చచ్చేముందు వాడు దీన్ని జారవిడిచిన అట్టపెట్టెను గంపగుత్తగా కొన్నాడు. నిన్న ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టాడు. రేపు అక్కడ సంత. నీది ఆ పక్కే కదా?"

"రొంపిచెర్ల, మేడమ్."

"అయితే సులువే."

ఆ మాట ఆమె అనకుండా ఉండవలసింది.

*

పత్తి సీజను ముగిసి ఖాళీ పడిన గోడౌను అది. మూలమూలలా ఇంకా దూది పింజలు. నడుమ పొడవాటి బల్లల మీద మాచర్ల లైనంతా వేలెడు ఎత్తున వెలసింది. అట్టముక్కల స్టేషన్లు, అద్దపుముక్కల కాలువలు, అగ్గిపుల్లల గేట్లు. చుట్టూ దుకాణాలు: విరిగిన వ్యాగన్లు, తుప్పు వదిలించిన పట్టాలు, ఒకప్పుడు ఎవరి పిల్లలో ఆడి వదిలేసిన పెట్టెలు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, వినుకొండ నుంచి వచ్చిన పెద్దమనుషులు పిల్లలకన్నా పిల్లలై వాటి మీదికి వంగి ఉన్నారు.

రిటైరైన రైల్వే గార్డు వేషంలో యోగేశ్ లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, మోకాలి నొప్పి నడక. చొక్కా గుండీలో కెమెరా, చేతి వాచీలో సిగ్నల్ జామర్, చొక్కా చేతిలోపల అచ్చం అలాంటిదే మరో ఆకుపచ్చ ఇంజను. కావలసినవన్నీ ఉన్నాయి. ఆ జనంతో చనువు ఒక్కటి లేదు.

"అది చూడమాక అన్నా, బయానా పడింది," అన్నాడు పాండురంగారావు, అతడి చూపు ఎటు పోయిందో పట్టి. "వేరేవి చానా ఉన్నయ్యి."

"ఎవరిచ్చిన దానికన్నా ఎక్కువే ఇస్తాను."

"ఏందన్నా అట్టంటావు? ఫోన్లో బేరమైంది, బయానా సొమ్ము వచ్చింది, నేను తీసుకున్నా. ఈ గోడౌను రాసిచ్చినా అది నీకు రాదు."

"కొనేది ఎవరో, ఎలాంటివాళ్లో మీకు తెలియదు కదా! దొంగలైతే?"

"ఆళ్ల మంచీ చెడ్డా ఆళ్లది. నా మాట నాది."

గల్లా పెట్టె దగ్గర కూర్చున్న ఆయన భార్య నాగేంద్రమ్మ కిసుక్కున నవ్వింది. "ఊరికే అడక్కండి అన్నయ్యగారూ. మాకు తాంబూలాలు మార్చుకున్నాక, ఇంతకన్నా ఆస్తున్న పిల్లని తెచ్చి చూపిచ్చారు ఈయనకి. అప్పుడే మారలేదు."

"అక్కడే పొరపాటు చేశా," అన్నాడు పాండురంగారావు.

"విన్నారా! ఇంటికి రా, నీకు పప్పులో ఉప్పేస్తానేమో చూద్దాం."

యోగేశ్ నవ్వాడు. నవ్వుతూనే వాచీ మీట నొక్కాడు. డబ్బు జమైనట్టు అరిచే స్పీకరు పెట్టెలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. మిగతా సొమ్ము ఫోన్లో రాకపోతే బేరం నిలుస్తుందని అతడి ఆశ. ఎవరో పెట్టెను రెండు చరిచారు. మరొకరు జేబులోంచి నోట్లు తీశారు. ఇంకొకరు రేపిస్తానన్నారు. సంత ఒక్క క్షణం కూడా ఆగలేదు.

చొక్కా చేతిలోని నకిలీ ఇంజనును వేళ్లలోకి జార్చుకుని, బల్ల మీద అసలు దాని వైపు చెయ్యి పోనిచ్చాడు. వేళ్లు వెంట్రుకవాసి దూరంలో ఉండగానే నాగేంద్రమ్మ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా పుట్టింటోళ్లది కిరాణా కొట్టు అన్నయ్యగారూ," అంది మర్యాదగా. "చేతులు చూస్తానే పెరిగా."

*

"గార్డుగారూ, మీసం ఎడమవైపు ఊడుతోంది."

బయట బజ్జీల బండి పక్కన టీ తాగుతున్న యోగేశ్ తల తిప్పనక్కర లేకపోయింది. ఆ గొంతు అతడికి తెలుసు. నెమలికంఠం రంగు పట్టుచీర, చలువ కళ్లద్దాలు, ఆ ఎండలోనూ వాడని ముఖం. చందన. ఒకప్పుడు అదే ఆఫీసులో, అదే బ్యాచ్‌లో శిక్షణ పొందిన చందన. తరువాత ఎన్ని దేశాలకు ఎన్ని రహస్యాలు అమ్మిందో ఆమెకే లెక్క తెలియదు.

"బయానా నీదేనా?"

"సరిహద్దు అవతలివాళ్లది. చెయ్యి నాది."

"ఇప్పుడు ఎవరి తరఫున?"

"పోయిన నెల మీ తరఫున. ఈరోజు వాళ్ల తరఫున." ఆమె కళ్లతోనే గేటు వైపు చూపింది. అక్కడ నల్ల కారు, కారుకు ఆనుకుని ఒకడు, లోపల మరొకడు. "ఒట్టి చేతులతో వెళ్తే నేనూ ఏదో ఒక మెట్టు మీద కూర్చుని ఉంటాను, యోగేశ్. జనం పక్కనుంచి దాటిపోతారు."

"అందులో అమర్నాథ్ పేరుంది."

ఆమె చేతిలోని టీ కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగింది. అమర్నాథ్ పండగ పూట ఆ ఇద్దరికీ వండిపెట్టిన ఉప్మా, అది మాడిపోతే ముగ్గురూ నవ్విన నవ్వు, ఆ క్షణం వాళ్ల మధ్య నిలబడి వెళ్లిపోయింది.

"తెలుసు," అంది. "తెలిసి నువ్వు చేయగలిగింది ఏమైనా ఉందా?"

లేదు. యోగేశ్ వెతికాడు, నిజంగానే వెతికాడు. పట్టుకుంటే అమర్నాథ్ పోతాడు. అరిస్తే అమర్నాథ్ పోతాడు. ఊరుకున్నా అమర్నాథ్ పోతాడు. అన్ని దారులూ ఒకే స్టేషన్‌కు చేరుతున్నాయి.

*

ఎడ్ల సంతలో కాడి కట్టి నడిపించి చూపనిదే పగ్గం చేతికివ్వరు. పాండురంగారావు బొమ్మ రైళ్లకూ అదే కట్టుబాటు పెట్టాడు. పట్టా మీద నడిపించి నలుగురికీ చూపనిదే ఇంజను చెయ్యి మారదు.

"నడిపించక్కర్లేదండీ," అంది చందన, నోట్లు బల్ల మీద పెడుతూ. "షోకేసులో పెట్టుకుంటాను."

"అదేందమ్మా! నడిపియ్యకుండా ఇస్తే రేపు ఈ ఊళ్లో నా మొహాన ఉమ్మేస్తారు."

ఇంజనును పట్టా మీద పెట్టి మీట తిప్పాడు. కదలలేదు. ఇంకాస్త తిప్పాడు. దీపమైనా వెలగలేదు.

"ఏంది మావా, గురజాల గేటు పడ్డదా?" అని ఎవరో అరిచారు. గోడౌనంతా నవ్వింది. పాండురంగారావు చెవులు ఎర్రబడ్డాయి.

"పరవాలేదండీ, నాకు ఇలాగే కావాలి," అంది చందన. ఆ మాటలో తొందర యోగేశ్ ఒక్కడికే వినిపించింది.

"నాకు పరవా ఉంది. బయానా నడిచే ఇంజనుకు తీసుకున్నా. చచ్చినదాన్ని చేతిలో పెట్టి సొమ్ము తీసుకోమంటావా? కూర్చో అమ్మా. నడిపిచ్చే ఇస్తా."

స్క్రూలు విప్పి పైకప్పు ఎత్తాడు. మోటారు ఉండవలసిన చోట నల్లటి టేపు చుట్టిన గోరంత ముక్క. ఎక్కడో పరదేశంలో కూర్చుని ఈ పథకం వేసిన మేధావులకు, బొమ్మను నిజంగా నడిపి చూసేవాళ్లు కూడా ఉంటారన్న ఊహ రాలేదు.

"ఏ దరిద్రుడో మోటారు పీకి చెత్త కూరాడు," అంటూ దాన్ని పట్టకారుతో లాగి పక్కన పడేశాడు.

చిప్ బల్ల మీద పడి ఉంది. యోగేశ్‌కు జానెడు దూరం. చందనకు జానెడు దూరం. చుట్టూ ఊరంతా కళ్లు. ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. బొమ్మ రైళ్లు కొనడానికి వచ్చిన రిటైర్డ్ గార్డుకు ఆ చెత్తతో ఏం పని? పట్టుచీర కట్టిన శ్రీమంతురాలికి ఏం పని? ఎవరి వేషం వాళ్లను కట్టేసింది.

పాండురంగారావు మరో పాత ఇంజనులోంచి మోటారు తీసి అమర్చాడు. మీట తిప్పాడు. ఆకుపచ్చ ఇంజను ఒకసారి వణికి, నిట్టూర్చి, మాచర్ల దాకా వెళ్లి వచ్చింది. జనం ఈలలు వేశారు. ఆయన ముఖంలోకి కళ తిరిగి వచ్చింది. ఇంజనును పెట్టెలో పెట్టి, టేపు చుట్టిన ముక్కను కూడా ప్లాస్టిక్ కవరులో వేసి జతచేశాడు.

"దీంట్లోంచి తీసింది కూడా నీదేనమ్మా. నీ సొత్తు మా కొట్లో పూచికపుల్లంత కూడా ఉండకూడదు."

అంతే. ఆ పెద్దమనిషి నిజాయితీయే అమర్నాథ్‌ను అప్పగిస్తోంది. చందన చెయ్యి చాచింది. గేటు దగ్గరి మనిషి తలుపు దాకా వచ్చి చూస్తున్నాడు. యోగేశ్ దగ్గర కెమెరా ఉంది, జామర్ ఉంది, నకిలీ ఇంజను ఉంది. నాలుగు భాషల్లో అబద్ధమాడగల నాలుక ఉంది. ఏదీ పనికిరాదు.

అతడు తుమ్మాడు.

ఒకటే తుమ్ము. గట్టిగా, స్పష్టంగా, ఎదురుగా నిలబడి.

గోడౌను నిశ్శబ్దమైపోయింది. పాండురంగారావు చెయ్యి గాలిలో ఆగింది.

"ఇయ్యమాక!" నాగేంద్రమ్మ లేచి నిలబడింది. "ఒంటి తుమ్ము. అమ్మాయ్, కాసేపు కూర్చో, మంచినీళ్లు తాగు. ఏమయ్యా, ఇందాక పదిమందిలో ఆగిపోయింది, ఇప్పుడు ఇచ్చేటప్పుడు తుమ్ము. ఎవరి కళ్లు పడ్డయ్యో దీనిమీద. ఇట్టా పంపితే పిల్ల ఇల్లు చేరుద్దా?"

"ఏం చేద్దామంటావే?"

"దిష్టి తీస్తా."

పల్నాడులో ఎండు మిరపకాయ దొరకని చోటు లేదు. బజ్జీల బండి మీంచి గుప్పెడు మిరపకాయలు, గుప్పెడు రాళ్లుప్పు తెచ్చింది. కవరు చించి టేపు ముక్కను తీసింది. "ముందు ఈ దరిద్రం పోవాల," అంటూ మిరపకాయల్లో కలిపి పిడికిలి బిగించింది.

"అది నాదండీ!" చందన గొంతు చీలింది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏందమ్మా," అన్నాడు పాండురంగారావు నిజమైన ఆశ్చర్యంతో, "నడిచే ఇంజను ఇస్తుంటే చచ్చిన ముక్క కోసం ఏడుస్తావా?"

చందన తలుపు దగ్గరి మనిషిని చూసింది. ఒక్క కేక వేస్తే వాడు వస్తాడు. తరువాత ఆమె యోగేశ్‌ను చూసింది. చలువ కళ్లద్దాలు తీసింది. "కానివ్వండి," అంది. అది ఓటమో, వీడ్కోలో యోగేశ్‌కు ఇప్పటికీ తెలియదు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పోయేవాళ్ల దిష్టి, వచ్చేవాళ్ల దిష్టి..." పిడికిలి ఇంజను చుట్టూ, చందన చుట్టూ తిరిగి, గుమ్మం బయటి బజ్జీల బండి కింద భగభగమంటున్న పొయ్యిలో విడివడింది. నిప్పు చిటపటలాడింది. మిరపకాయల ఘాటు రాలేదు. ప్లాస్టిక్కు కాలిన కంపు వచ్చింది.

"చూశారా!" అంది నాగేంద్రమ్మ గర్వంగా. "మిరపకాయ కోరే రాలేదు. ఎంత దిష్టో!"

*

ఇంజను పెట్టెతో చందన కారు వైపు నడిచింది. యోగేశ్ పక్కగా వచ్చి నెమ్మదిగా అన్నాడు: "వాళ్లు విప్పి చూస్తారు. వెళ్లొద్దు, ఇటే ఉండిపో."

"ఉండిపోతే, సరుకు ఎవరి చేతిలో ఎందుకు పోయిందో వాళ్లకు అర్థమవుతుంది. అమర్నాథ్ కథ మళ్లీ మొదటికొస్తుంది." ఆమె వెనుదిరిగి దుకాణం వైపు చూసి నవ్వింది. "మోసపోయానని చెబుతాను. నాలుగూళ్ల వాళ్లు సాక్ష్యం."

కారు చిలకలూరిపేట రోడ్డెక్కింది. దాన్ని ఆపడానికి అతడికి ఆజ్ఞ లేదు, ఆయుధం లేదు, ఆపితే కలిగే మేలూ లేదు. దుమ్ము అణిగేదాకా నిలబడి, వాచీలోని జామర్ ఆపి, జరిగింది నాలుగు ముక్కల్లో ఆఫీసుకు సందేశం పెట్టాడు. మీసం పూర్తిగా ఊడి చేతికొచ్చింది.

ఫోను మోగింది.

"అమర్నాథ్ నుంచి మామూలు సందేశం వచ్చింది. రొట్టెలు బాగానే అమ్ముడుపోతున్నాయట," అంది గుల్జార్ బేగం. "చందన సంగతి చూస్తున్నాం. ఏమీ చెప్పలేను. చిప్ నాశనమైందని నువ్వే కళ్లారా చూశావు కదా?"

"చూశాను, మేడమ్."

"శభాష్. రిపోర్టు పైకి పంపాలి. ఆఖరి క్షణంలో నువ్వు సరిగ్గా ఏం చేశావు?"

యోగేశ్ ఊడిన మీసాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఇంతకన్నా గొప్పగా చెప్పే మాట దొరకలేదు.

"తుమ్మాను, మేడమ్."