నీటిగీత

సునేత్ర ఆ ఉదయం ముప్పై ఎనిమిదో పటం మీద సంతకం పెడుతుండగా బాలమణి వచ్చింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. అందులో నాలుగు మందుసీసాలు ఉన్నాయి.

"మా ఆయన కొమురయ్యవి మేడం. మందు మొదలువెట్టిన ఆరో దినం పోయిండు. ఇవి మిగిలినయి. ఇంకెవరికన్న పనికొస్తయని తెచ్చిన."

"ఇది ఆయన ఒక్కరి కోసమే చేసిన మందమ్మా. ఇంకెవరికీ పడదు."

తుర్కపల్లి కేంద్రంలో మందులన్నీ అంతే. రోగి ప్రోటీన్‌ను గాజు గొట్టంలో పోసి అణుశ్రుతి యంత్రపు అయస్కాంతంలోకి దింపుతారు. అణువులిచ్చే సంకేతాలను యంత్రం విని, ప్రోటీన్ ఆకారాన్ని చుక్కల పటంగా గీస్తుంది. ఆ ఆకారానికి సరిపడే స్వమందు సాయంత్రానికి తయారవుతుంది. చట్టప్రకారం పటాన్ని ఒక మనిషి చూసి సంతకం పెట్టాలి. పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనకని చేరిన సునేత్రకు ఆ పని మిగిలింది.

బాలమణి కదల్లేదు.

"ఒక్కటడుగుత మేడం. మూడో దినం నుంచే ఒద్దు ఒద్దన్నడు. లోపల మండుతుందన్నడు. ఆయనకు మందంటే ఎప్పుడూ భయమే. సూది జూస్తే బాత్రూంల దాసుకునేటోడు. గదే అనుకున్న. నా మీద ఒట్టు పెట్టి తాగిచ్చిన. రోగంతోని పోయిండా, నేను తాగిచ్చినందుకు పోయిండా?"

"రోగంతోనే" అనబోయి సునేత్ర ఆగింది. ఆమెకు తెలియదు.

పాతరోజుల్లో ఒకే మందును వేలమంది తాగేవారు. పదిమందికి కడుపు మండితే పదకొండో మనిషికి ఆపేవారు. స్వమందుకు రెండో మనిషి ఉండడు.

"కూర్చోండమ్మా. రెండు గంటలు పడుతుంది. ఒక సీసా ఇవ్వండి."

కొమురయ్య ప్రోటీన్ గొట్టం ఇంకా శీతల అరలోనే ఉంది. సునేత్ర అతని పటాన్ని తెరిచింది. మధ్యలో నిలువుగా ఒక ఖాళీ పట్టీ ఉంది. ప్రోటీన్ కరిగి ఉన్న నీరు కూడా సంకేతమిస్తుంది. మిగతా వాటిని వినబడనీయదు. అందుకని యంత్రం నీటిని అణచివేస్తుంది. అక్కడ మిగిలే ఖాళీని నీటిగీత అంటారు. దాన్ని పట్టించుకోవద్దన్నది కొత్తవారికి చెప్పే మొదటి మాట. సునేత్ర కూడా చెప్పింది, పదకొండు మందికి.

యంత్రం పటాలన్నీ ఇరవై ఐదు డిగ్రీల దగ్గర గీస్తుంది. వేడి పెంచితే నీటి సంకేతం పక్కకు జరుగుతుందని, మనుషులే పటాలు చదివే రోజుల్లో ఆమె గైడు అలా చేసేవాడు. సునేత్ర ముప్పై ఏడుకు పెట్టింది. మనిషి ఒంటి వేడి అది.

నీటిగీత జరిగింది. అది వదిలిన చోట ఒక చుక్క ఉంది.

కొమురయ్య ప్రోటీన్‌కు రెండో ఆకారం ఉంది, ఒంటి వేడిలో పనిచేసే మంచి ఆకారం. బాలమణి తెచ్చిన సీసాలోంచి ఒక బొట్టు గొట్టంలో కలిపి మళ్లీ చూసింది. మిగతా చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. మందు అంటుకుంటేనే చుక్క కదులుతుంది; కదిలింది ఆ ఒక్క చుక్కే. మందు రోగమున్న ఆకారాన్ని వదిలి, ఒంటికి కావలసిన ఆకారాన్ని పట్టుకుంటోంది.

ఆమె నివేదిక రాసి కేంద్రం కంప్యూటర్‌కు పంపింది. జవాబు వెంటనే వచ్చింది: "ఈ మందు వాడినవారు: ఒకరు. పోల్చడానికి మరొకరు లేరు. నివేదిక ముగిసింది."

బాలమణి డబ్బా ఒళ్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏం తేలింది బిడ్డా?"

రోగమని చెప్పవచ్చు. రికార్డులో దాన్ని కాదనేది ఏదీ మిగల్లేదు. సునేత్ర ఆమె పక్కన కూర్చుంది.

"మందే అమ్మా. పటం చూసి సంతకం పెట్టింది నేను. తప్పు నాది, మీది కాదు."

బాలమణి 'మందే' అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"అయితే నిజంగనే మండింది."

డబ్బా మూత పెట్టబోయింది. అది పట్టలేదు. మళ్లీ పెట్టింది.

"నాటకాలు జెయ్యకని తిట్టిన" అంది.