గరుసు నేలలో కవరమొగ్గ

మొదట విజిల్ వినబడింది. ట్రాక్టరు రొదను చీల్చుకొని చెవిలో ముల్లులా దిగింది. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచున, మనిషి అలికిడే లేని చేనిలోకి కండక్టరు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడని శ్యాంసుందర్ బ్రేకు తొక్కాడు.

కండక్టరు కాదు. చక్రానికి బారెడు దూరంలో ఒక అమ్మాయి మోకాళ్ల మీద కూర్చొని ఉంది. నోట విజిలు, చేత భూతద్దం, కళ్లలో నిప్పులు. పైన సన్నని తుంపర.

"ఏందప్పా, నేల చూడకుండా దున్నుతాండావ్!"

"నా చేను నేను దున్నుకుంటాంటే ఈడ నీకేం పని మేడమ్? చక్రం కింద పడింటే?"

"నేను పడినా లేస్తా. ఇది పడితే లేవదు."

ఆమె వేలు చూపిన చోట, ఎర్రని గులకరాళ్ల గరుసులో, గుండీ అంత మొక్క. ఆకు ఆకుకూ ఎర్రని నూగు, నూగు నూగుకూ ఒక మంచుబొట్టు. ఆ బొట్టు మీద నలుసంత దోమ వాలింది, మళ్లీ లేవలేదు. అది గింజుకునే కొద్దీ నూగు వంగి దానిని మెల్లగా చుట్టుకుంది.

"తేనె అనుకొని వచ్చింది పాపం, అది జిగురు," అంది అమ్మాయి. "దీన్ని కవరమొగ్గ అంటారు. ఈ నేలలో సత్తువ లేదు. అందుకే పురుగుల్ని పట్టి తింటాది."

"మరి పూవు కాడికొచ్చే ఈగల్ని గూడా తింటే, దీనికి పెండ్లెట్లయితాది?"

ఆమె అప్పుడు అతడిని సరిగా చూసింది. "మంచి మాటే అడిగినావే! చూడు, పూవును ఎంత ఎత్తున పెట్టుకుందో. కింద ఆకుల కాడికొచ్చేటోళ్లు తిండి. పైన పూల కాడికొచ్చేటోళ్లు చుట్టాలు."

'నేను యాడికొచ్చినట్టు?' అని అడగబోయి శ్యాంసుందర్ ఆ ప్రశ్నను మింగేశాడు.

ఆమె పేరు లూదియా. నంద్యాలలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతోంది. క్రిస్మస్ సెలవులకు ముందు పరీక్ష చేసే ప్రొఫెసరు స్వయంగా వచ్చి ఈ మొక్కలను ప్రాణాలతో ఉండగా చూడాలి. చూస్తేనే ఆమె ప్రాజెక్టు నిలుస్తుంది. లేకుంటే ఏడాది చదువు వృథా.

"అంతవరకు ఈ చెక్క నేల దున్నొద్దప్పా," అని అడిగింది.

అతడు ట్రాక్టరు తిప్పేశాడు. అతడు ఇంటికి రాగానే తండ్రి సంజీవయ్య ఉరిమాడు. "గడ్డి గూడా మొలవని నేలకు కాపలా ఏందిరా?"

శ్యాంసుందర్ లెక్క వేరు. లూదియా తనను అన్నా అనలేదు, అప్పా అంది. ఒక చెక్కను బీడు పెట్టడానికి ఆ మాత్రం కారణం చాలదా?

వారం వారం లూదియా వచ్చేది. వాన కురిస్తే ఇద్దరూ ఒకే టార్పాలిన్ పట్ట కింద నిలబడేవారు, నడుమ మూరెడు మర్యాద ఉంచుకొని. ఒక వారం ఆమె రాలేదు, కాలేజీలో పరీక్షలు. మొక్కలు అతడి కంటికి చిక్కినట్టు కనిపించాయి. నేలలో సత్తువ లేదనే మాట రైతు చెవిన పడితే చేయి ఊరుకోదు. చుట్టుపక్కల అందరికన్నా ఎత్తుగా మొక్కజొన్న పెంచిన చేయి అది. దాని మీద అతడికి గర్వం మెండు. గుప్పెడు యూరియా నీళ్లలో కలిపి, పసిబిడ్డకు పాలు పట్టినంత ప్రేమగా పోశాడు.

వారం తిరిగేలోగా మంచుబొట్లు మాయమయ్యాయి. ఆకులు మసిబారిపోయాయి.

"గొర్రెలు తొక్కినాయని చెప్పరా," అన్నాడు సంజీవయ్య. "ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది నాయనా."

లూదియా వచ్చింది. అతడు తల వంచలేదు. "నేనే చంపినా మేడమ్. సత్తువ లేదంటివి గదా, యూరియా పెట్టినా."

ఆమె మోకాళ్ల మీద కూర్చొని మసిబారిన ఆకును వేలితో తాకింది. "పస్తులతో బతకను నేర్చినదాన్ని మేపి చంపితివి గదప్పా," అంది. అంతే. వెనుదిరిగి చూడకుండా బస్సుకు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని అతడికి అనిపించింది.

ఏ నేల పండుతుందో ప్రతి రైతూ చెబుతాడు. ఏది పండదో కూడా ప్రతి రైతుకూ తెలుసు. నామోషీ కొద్దీ చెప్పడు. మరునాటి నుంచి శ్యాంసుందర్ పండని నేలలే వెతికాడు. తాను తిట్టిన గట్లు, తాత విడిచిన తావులు, అన్నీ తిరిగాడు. వంకకు ఎగువన, ఎరువన్నది ఎన్నడూ తాకని ఊట గరుసులో, మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా నేల ఎర్రగా మెరిసింది.

అన్నీ కవరమొగ్గలే.

ఫోను అందుకోగానే లూదియా తొలి బస్సుకే వచ్చింది. వచ్చీ రాగానే అనుమానంగా చూసింది. "ఈసారి ఏం పెట్టినావ్?"

"చుట్టూ ముళ్లకంప పెట్టినా. అంతే. ఊపిరి గూడా దూరంగానే పీల్చినా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "యూరియా సారూ, నిన్ను నమ్మొచ్చా?"

"మొక్కల కాడైతే నమ్మొద్దు. మనుషుల కాడ నమ్ము." అతడు అక్కడితో ఆగలేదు. "నాకు నువ్వంటే ఇష్టం మేడమ్. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

లూదియా దుపట్టా కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. "పరీక్ష అయిపోనీ. నా జవాబు చాటుగా చెప్పేది కాదు."

పరీక్ష రోజు ప్రొఫెసరు బోర్లా పడుకొని భూతద్దంలో చూస్తూ లేవడమే మరిచిపోయాడు. ఉతికిన పంచె కట్టుకొని వచ్చిన సంజీవయ్య మీసం దువ్వాడు. "శనక్కాయలు అందరి చేన్లలో పండుతాయి సారూ. ఇది మా గరుసులో తప్ప యాడుందో చెప్పండి!"

లూదియా తల్లి కృపావతి కూడా వచ్చింది. నంద్యాలలో టీచరు ఆమె. కూతురు మాటిమాటికీ ఆళ్లగడ్డ బస్సెందుకు ఎక్కుతోందో తేల్చుకోవడానికి వచ్చింది.

ప్రొఫెసరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "నా సర్వీసులో ఇన్ని ఒకేచోట చూడలేదమ్మా. ఈ తావు నువ్వే కనిపెట్టినావా?"

అవునను, అన్నట్టు శ్యాంసుందర్ దూరం నుంచి తల ఊపాడు. లూదియా చూసింది. చూసి, వినలేదు.

"కాదు సార్. మొదటి చోటు పోయినాక, పండని నేలంతా కాలినడకన తిరిగి దీన్ని కనిపెట్టిన మనిషి వేరే ఉండాడు."

"ఎవరు?" అన్నాడు ప్రొఫెసరు.

"ఎవరే?" అంది కృపావతి, అదే క్షణంలో. ఆమె అడిగింది మరొక సంగతి.

లూదియా తల ఎత్తింది. ప్రొఫెసరును కాదు, తల్లి కళ్లలోకి చూసింది. ఎన్నడూ ఆ నోట వినని మాటను శ్యాంసుందర్ అప్పుడు విన్నాడు. వంక ఆవలికి కూడా వినబడేలా, తొణకకుండా, గర్వంగా ఆమె పలికింది.

"శ్యాంసుందర్."