పూరక పిట్టలు

సాయంత్రం అయిదూ నలభైకి కాశింబీ మొదటి విడత పూరకాలను, అంటే గుంపు నింపే యంత్రపు పిట్టలను, వదిలింది. తుమ్మతోపు వెనక పెట్టెల్లోంచి లేచి, తూర్పున ఒక చుట్టు తిరిగి, అవి గులాబీ గోరింకల ఎత్తుకు చేరాయి. రెండో విడత ఆరింటికి. గుంపు పలచబడితే పైనుంచి పిట్టల్ని లెక్కపెట్టే నింగిలెక్క పసిగడుతుంది కాబట్టి మూడో విడతను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

కాశింబీ ఆ తోపుకు గుంపుకాపరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పూరకాలు మూడు వందలే. గుంపు కనబడితేనే అసలు పిట్టలు ధైర్యంగా దిగుతాయని పెట్టారు. అసలువి తగ్గినకొద్దీ ఇవి పెరిగాయి. లెక్క లక్షకు తగ్గితే తోపును నరకనివ్వని గూటిహక్కు పోతుంది, మర్నాడే ఎండతో కరెంటు తీసే పలకలవాళ్లు రంపాలతో దిగుతారు. అందుకని తోపు వాకిట పలక మీద ఆమె రోజూ లక్ష దాటించి రాస్తోంది. మొదటి ఏడాది తనకు తాను సర్దిచెప్పుకుంది. తర్వాత అదీ మానేసింది.

"ఈపొద్దు ఎన్నొచ్చినాయి మా?"

పక్క చేను సుంకులమ్మ. డెబ్బై దాటిన మనిషి, కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"లక్షా పన్నెండు వేలవ్వా."

ముసలామె ఒడిలోంచి జొన్న కంకి తీసి చూపించింది. ఒక్క గింజా పోలేదు. ఆ ఊళ్లో కోతలప్పుడు తోపువైపు నాలుగు సాళ్లు పిట్టలకని వదిలేస్తారు. పలక మీద లెక్క పెరిగిందని సుంకులమ్మ ఈసారి ఎనిమిది వదిలింది.

"ఇన్ని తిరుగుతాండాయి గదా, నా చేన్లో ఒక్కటీ వాలల్యా. చిన్నప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో శానా పిట్టల్ని కొట్టినా. ఆ పాపమేమో. నిరుడు అడిగితే వానలంటివి. ఈసారి వానల్లేవు గదా?"

"విత్తనం మార్చి చూడవ్వా," అంది కాశింబీ.

అన్నాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంత సులువుగా ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"అట్లే మా, మారుస్తా. నువ్వు సల్లగుండాల." సుంకులమ్మ కర్ర చంకలో పెట్టుకుని, ఆకాశంలో మెలికలు తిరుగుతున్న పూరకాలకు కంకితోనే రెండు చేతులూ జోడించింది. పెదవులు కదులుతున్నాయి. క్షమించమని అడుగుతోంది.

కాశింబీ ఇక చూడలేకపోయింది. అన్ని విడతలకూ కలిపి 'దించు' నొక్కేసింది.

పూరకాలు వరసలు కట్టి పెట్టెల్లోకి దిగిపోయాయి. మిగిలిన అసలు పిట్టలు కాసేపు బెదిరి అటూఇటూ తిరిగి, తోపు చివర ఒక్క కొమ్మ మీద సర్దుకున్నాయి. సుంకులమ్మ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పదిహేడు.

చెవికి పెట్టుకున్న ఫోనులో పూరకాల కేంద్రం అధికారి పలికాడు. "కాశింబీ గారూ, గుంపు పడిపోయింది. మూడో విడత వదలండి."

"పడిపోలేదు సార్. ఉన్నవి ఇవే."

"తోపు పోతుంది. తెలుసు కదా?"

"తెలుసు సార్."

పలక తుడిచి, పదిహేడని రాసింది. వెనక్కి తిరిగేసరికి సుంకులమ్మ పలకను కాదు, ఆమెనే చూస్తోంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆరేండ్లయిందవ్వా."

ముసలామె చేతిలోని కంకి వైపు ఒకసారి చూసుకుంది.

"ఏటేటా నిన్నే గదమ్మా నేనడిగింది," అంది.