గుర్రం జూలులో గాలి

“మా గుర్రాన్ని చంపేసింది ఎవరండీ?”

డిజైనర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. టీషర్టుల ప్రింటింగ్ షాపు గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. బయట హోరున వర్షం. ఆమె చేతిలో అతను తయారుచేసి పంపిన శాంపిల్ టీషర్టు. అంత వానలో తడిసొచ్చిన మనిషి కళ్ళల్లో నిప్పులెలా ఉంటాయో అతనికి అర్థం కాలేదు.

షాపు ఓనరైన బాబాయి మెల్లగా రంగు డబ్బాల వెనక్కి జరిగాడు. “నాకేం తెలీదమ్మా. కంప్యూటర్ పనంతా మావాడిదే,” అని అన్నకొడుకుని బలి ఇచ్చేశాడు.

“చంపడమేంటండీ?” అన్నాడు డిజైనర్. “బొమ్మలో గీతలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. స్కాన్ చేసి, నున్నగా సరిచేశాను. నీట్‌గా వచ్చింది కదా?”

“వచ్చింది. సబ్బు పెట్టె మీద గుర్రంలా ఉంది.”

“థాంక్సండీ.”

“అది మెచ్చుకోవడం కాదు!”

బాబాయి వచ్చిన నవ్వుని దగ్గులోకి దింపుకున్నాడు. కానీ ఆ అమ్మాయి స్టూలు మీద కూలబడి మళ్ళీ నోరు విప్పేసరికి ఆమె గొంతులో కోపం లేదు.

“ఆ బొమ్మ మా అమ్మమ్మ గీసింది. డ్రాయింగ్ టీచరు. కిందటేడు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచీ కలం ముట్టలేదు. మొన్నీమధ్య ఎవరికీ చెప్పకుండా ఎడం చేత్తో ఈ గుర్రాన్ని గీసింది. ఆదివారం ఆవిడ పాత స్టూడెంట్లంతా కలుస్తున్నారు. అందరూ ఇదే బొమ్మతో టీషర్టులు వేసుకోవాలని అనుకున్నాం.”

“మరి?”

“నిన్న శాంపిల్ చూపించాను. చాలా బాగుందమ్మా, కానీ ఇది నాది కాదు, ఇంత సరిచేయాల్సి వచ్చిందంటే నేనిక గీయకపోవడమే మంచిది, అంది. కలం సొరుగులో పెట్టేసింది.”

డిజైనర్ ముఖం పాలిపోయింది. కంప్యూటర్ వైపు తిరిగి, మొదటి స్కాన్ తెరిచి, పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. స్క్రీన్ నిండా గుర్రం జూలు పరుచుకుంది.

అతని చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

చెయ్యి వణికిన ప్రతిచోటా గీత సన్నబడి, ఉబ్బి, మళ్ళీ సన్నబడింది. దూరం నుంచి వంకర అనిపించినదంతా దగ్గరికెళ్తే గాలి. ఆ గుర్రం ఎంత వేగంగా పరిగెడుతోందో ఆ జూలే చెబుతోంది. ఎన్నో ఏళ్ళుగా గీతలతోనే బతుకుతున్నవాడు, గీతంటే ఏంటో ఇవాళే చూసినట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

“నేను… ఇది చూడలేదండీ.”

“చూడకుండానే బాగుచేసేశారా?”

“అవునండీ,” అన్నాడు నిజాయితీగా. ఆ జవాబుకి ఆమె తెల్లబోయింది. “ఈ సన్నగీతలన్నీ బట్ట మీద నిలవవు. రంగు పాకి కలిసిపోతాయి. ఏది అలాగే ఉంచాలో, ఏది కాస్త లావు చేయాలో తెలియాలంటే ఆవిడ గీస్తుంటే చూడాలి. మీ ఇంటికి రానా?”

“గీయనంటోందని చెప్పాగా! పైగా తిడుతుంది.”

“మీ తిట్లు తిన్నవాడికి ఆవిడ తిట్లు ఒక లెక్కా?”

ఆమె నవ్వాపుకోవాలని చూసింది. కుదరలేదు.

*

“ఓహో! నా గుర్రానికి గుండు కొట్టింది నువ్వేనా?” అంది అమ్మమ్మ, కిటికీ పక్క కుర్చీలోంచి.

“తప్పయిపోయిందండీ. ఎలా గీశారో ఒక్కసారి చూపిస్తే…”

“నేను మానేశాను. కావాలంటే నువ్వు గీసుకో.”

మనవరాలు కళ్ళతోనే ‘చెప్పానా?’ అంది. చేసేదిలేక అతను కాగితం లాక్కుని గీయడం మొదలుపెట్టాడు. మౌస్‌కి అలవాటుపడ్డ చెయ్యి. గుర్రం కాస్తా కుక్కకీ బల్లకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది.

అమ్మమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇంకాసేపు పళ్ళు బిగబట్టింది.

“మెడ అక్కడ్నుంచా మొలుస్తుంది? అయ్యో, దానికి మోకాళ్ళు లేవా నాయనా? చూళ్ళేకపోతున్నాను. అమ్మాయ్, నా కలం తే!”

మనవరాలు పరుగెత్తింది.

కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా పడి ఉంది. ఎడంచెయ్యి కాగితం మీదికొచ్చి, గాల్లో పిట్టలా వణికింది. పాళీ కాగితానికి ఆనినా ఆ వణుకు ఆగలేదు. ఆమె దాన్ని ఆపాలని చూడనూ లేదు. అది ఎటు లాగితే అటు కొంచెం వెళ్ళి, మెల్లగా తన దారికి తెచ్చుకుంది. తెల్లకాగితం మీద ఒక మెడ లేచింది. దాని వెనకే జూలు ఎగిరింది. చూస్తున్న ఇద్దరూ ఊపిరి తీసుకోవడం మర్చిపోయారు.

“వణుకుతో తగువు పెట్టుకుంటే గీత చచ్చిపోతుంది బాబూ,” అంది అమ్మమ్మ తలెత్తకుండానే. “వెంటబెట్టుకుని పోవాలి.”

అతను మనవరాలి వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

*

ఆ వారమంతా ఆమె షాపులోనే, అతని పక్క స్టూలు మీద. ఒక్కో గీతనీ అతను స్కాన్ మీదే చేత్తో మళ్ళీ గీశాడు. ఆమె అమ్మమ్మ గీసిన కాగితం పట్టుకుని కాపలా కాసింది.

“ఇక్కడ నొక్కింది అమ్మమ్మ. లావు చేయండి.”

“ఇలాగా?”

“అంత కాదు. మీరు నొక్కినట్టుంది.”

“మీరు పక్కనుంటే చెయ్యి నా మాట వినడం లేదండీ.”

ఆమె చటుక్కున కిటికీ బయటి వానని చూడసాగింది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఒక్క గుర్రానికి ఇద్దరు రౌతులా!” అని బాబాయి అటుగా వెళ్తూ నిట్టూర్చాడు.

చివరికి మొదటి టీషర్టు బల్ల మీద పరిచి, దాని మీద అచ్చు ఫ్రేమ్ పెట్టి, బాబాయి పట్టీతో రంగు లాగి, ఫ్రేమ్ పైకెత్తాడు. నల్లటి బట్ట మీద తెల్లటి గుర్రం. జీవితమంతా బట్టలకి బొమ్మలు అద్దిన బాబాయి చేతులు తుడుచుకోవడం కూడా మానేసి చూశాడు.

“ఒరేయ్,” అన్నాడు చివరికి, “దీన్ని ఆరేస్తే క్లిప్పులు గట్టిగా పెట్టాల్రా. తెంపుకుని పోయేలా ఉంది.”

ఆదివారం హాల్లోకి అమ్మమ్మ అడుగుపెట్టగానే అందరూ ఒక్కసారిగా లేచారు. తలలు నెరిసినవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. హాలంతా గుర్రాలు. లేచిన ఆ ఊపుకి అన్ని జూళ్ళూ కదిలాయి. అమ్మమ్మ కర్ర ఊతగా నిలబడి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. కర్రని చంకలో ఇరికించుకుని, ఎదురుగా ఉన్న పెద్దాయన గుండెల మీది జూలుని ఎడంచేతి వేలితో మెల్లగా తడిమింది.

“అంత నిటారుగా నిలబడతారేంట్రా? గుర్రం పరిగెడుతుంటే!” అంది. హాలంతా నవ్వూ ఏడుపూ ఒకటైపోయాయి.

డిజైనర్ వరండాలోకొచ్చాడు. వెనకే మనవరాలు వచ్చింది.

“ఆర్డర్ అయిపోయిందండీ,” అన్నాడు. “ఇంక మీరు షాపుకి రావడానికి కారణం లేదు.”

“లేదు.”

“అదే… నాకేం బాగాలేదు.”

“అయితే ఏం చేద్దాం?”

“కారణం నేనే అనుకుని రాకూడదా? రోజూ. ఎప్పటికీ.”

ఆమె అతని వైపు తిరిగింది. “ఈ మాట మొన్ననే అంటారనుకున్నాను. నిన్న కూడా అనుకున్నాను. ఇంత నెమ్మదైన మనిషిని నేనెక్కడా చూళ్ళేదు.”

“అంటే… సరేనన్నట్టా?”

“ఇంకా ఎలా చెప్పాలి బాబూ!”

“నాకు అర్థమైందిగానీ,” అని గుమ్మంలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. “ఇలా రండి. మెట్లు దిగాలి. చెరో పక్కా పట్టుకోండి.”

మనవరాలు కుడిచెయ్యి, అతను ఎడంచెయ్యి పట్టుకున్నారు. వాన వెలిసి మెట్లన్నీ మెరుస్తున్నాయి. మొదటి మెట్టు దిగి అమ్మమ్మ ఆగింది.

“రెండు చేతులూ మీరే పట్టేసుకుంటే ఇంక ఆశీర్వదించేదెలా?” అంది. “సరే, నోటితోనే అనేస్తున్నాను. చల్లగా ఉండండి. చూసి దిగండి, జారుతుంది.”