బిళ్ళ మార్చుకునే చోటు

నీలకంఠం అప్పట్లో నవ్వించే కథలే రాసేవాడు. ఇనపరాయి కొండ కింది రైల్వే కాలనీకి అతని కథ పడ్డ వారపత్రిక వచ్చిందంటే, అది చేతులు మారీ మారీ చివరికి అట్ట ఊడి ఇల్లు చేరేది. కొండమీద గని తవ్వేవాళ్ళు తవ్వుతూనే ఉండేవారు, ఆ రాయి నింపుకున్న రైలుబండ్లు రాత్రనక పగలనక విశాఖపట్నం దిగిపోతూనే ఉండేవి. వాన పడితే వాగులు ఎర్రగా పారేవి, ఆరేసిన పంచెలు ఎర్రబడేవి. ఇలాంటి చోట మనిషి నవ్వకపోతే ఎలా బతుకుతాడని నీలకంఠం అనేవాడు. రాసేవాళ్ళకుండే గర్వం అతనికీ కాస్త ఎక్కువే.

ఉద్యోగం మాత్రం పట్టాల గస్తీ. వానాకాలంలో చరియలు జారి పట్టాల మీద పడతాయి గనక, సుత్తీ లాంతరూ పట్టుకుని తన వంతు దారి నడిచి చూడాలి. అతని వంతు సొరంగం దాటాక ఒక మైలురాయి దగ్గర ముగిసేది. అక్కణ్ణుంచి అవతలిది తాతబాబు వంతు. ఇద్దరూ ఆ రాయి దగ్గర కలిసి, తమ తమ ఇత్తడి బిళ్ళలు మార్చుకుని వెనక్కి తిరగాలి. బిళ్ళ మారిందంటే దారంతా ఎవరో ఒకరు చూశారని లెక్క. అవతలి మనిషి రాకపోతే మాత్రం వెనక్కి తిరగడానికి లేదు. అతను కనిపించేదాకా ముందుకి నడుస్తూ పోవలసిందే.

తాతబాబుది పలాస పక్క, నీలకంఠానిది బొబ్బిలి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. తాతబాబు చదువు అంతంతమాత్రమే గానీ, కథ వినడంలో అతన్ని మించినవాడు లేడు. నవ్వడం మొదలుపెడితే దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు, దగ్గాక మళ్ళీ నవ్వేవాడు. నీలకంఠం ఏ కథైనా ముందు ఆ రాయి దగ్గర నోటితో చెప్పి, తాతబాబు దగ్గితేనే కాగితం మీద పెట్టేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరేసరికే కొండ కనపడలేదు. మబ్బు దిగి పట్టాల మీద కూర్చుంది. పగలే లాంతరు వెలిగించాల్సి వచ్చింది. సొరంగంలో ఎప్పుడూ ఉండే తడిరాయి వాసన, గబ్బిలాల కంపు. పైనుంచి కారే నీళ్ళ చప్పుడు మాత్రం ఆ రోజు లేదు. నీలకంఠం దాన్ని పట్టించుకోలేదు. అతని బుర్రనిండా దర్జీ పైడిరాజు కథే తిరుగుతోంది.

అవతలి మూతి ఇంకాస్త దూరం ఉందనగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. లాంతరు లేదు. తలమీంచి వీపుదాకా కప్పిన తాటాకు గిడుగు. తాతబాబు ఊరినుంచి తెచ్చుకున్నది అలాంటిదే.

"ఏటి బావా, వానకి లోపలికొచ్చీసినావా? దీపం ఆరిపోనాదేటి?" అని, జవాబు కోసం కూడా ఆగకుండా కథ అందుకున్నాడు. దర్జీ పైడిరాజు పెళ్ళిచూపులకి వెళ్తాడు. కాబోయే మామగారు ఆప్యాయంగా కౌగిలించుకుంటాడు. పైడిరాజు చేతులు అలవాటు కొద్దీ మామగారి నడుం చుట్టూ తిరిగి, జేబులోంచి టేపు లాగి కొలిచేస్తాయి, నోరు అందరూ వింటుండగా "నలభై రెండు!" అని అరుస్తుంది.

నీలకంఠం తనే నవ్వాడు. ఎదుటి మనిషి నవ్వలేదు.

"తర్వాత...?" అంది గొంతు. గుసగుసలా ఉంది.

"తరవాతేటి, ఇక్కడే నవ్వాలి!"

మళ్ళీ అదే. "తర్వాత...?"

నీలకంఠానికి ఒళ్ళు మండింది. ఎంత కష్టపడి కట్టుకొచ్చిన చోటు అది! ఇంకో మాట మాట్లాడకుండా తన బిళ్ళ చాచాడు. చల్లటి అరచెయ్యి దాన్ని తీసుకుని, మరో బిళ్ళ అతని చేతిలో పెట్టింది. దానికి మట్టి అంటి ఉంది. నీలకంఠం ముఖం ముడుచుకుని గిర్రున తిరిగి వచ్చేశాడు. లాంతరు ఒక్కసారి పైకెత్తి ఉంటే చాలేది. కానీ అలిగినవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడా?

సొరంగం దాటి, పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళ పాక దగ్గర టీ తాగుతూ బిళ్ళ మట్టి తుడిచాడు. దానిమీద అంకె లేదు. అరిగిపోయింది. తాతబాబు బిళ్ళ కాదది.

వచ్చిన దారినే పరుగెత్తాడు. సొరంగంలో ఎవరూ లేరు. అవతలి మూతి బయట గ్యాంగుమనిషి లచ్చు ఒక్కడే రాళ్ళు తీస్తున్నాడు. లచ్చుది ఆ కొండ పక్క ఊరే.

"తాతబాబు భాయ్ ఇప్పుడే వచ్చిండు సాబ్. దారిల రాళ్ళు పడ్డయి, లేటయింది. రాయి కాడ నిన్ను పిల్చిండు. నువ్వు లేవు. బిల్లా మారలే గదా... నీ దిక్కు నడిచిండు. సొరంగంల పోయిండు. నీకు ఎదురు రాలే?"

నీలకంఠం చెయ్యి తెరిచి బిళ్ళ చూపించాడు. లచ్చు దాన్ని ముట్టుకోలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది హాజిరీ బిల్లా," అన్నాడు మెల్లిగా. "సొరంగం తవ్విన కాలంది. మా నాయన కాడ ఇట్లాంటిదే ఉండె. లోపల పోతుంటే ఇస్తరు, బైట వస్తే తీస్కుంటరు. ఒక దినం కొండ కూలింది. లోపలున్న కూలీలు పారిపోయిన్రు అని గుత్తేదారు అన్నడు. పారిపోలే సాబ్... లోపలనే ఉన్నరు. సచ్చినోళ్ళకి మా దిక్కు రాయి నిలబెడ్తరు, వాళ్ళకి ఎవరు నిలబెట్టలే."

రెండు మూతుల నుంచీ జనం దీపాలతో వెతికారు. దొరికింది తాతబాబు గిడుగు ఒక్కటే. సొరంగం నడిమధ్య, బయట అంత వాన కురుస్తున్నా, పొడిగా ఉంది. నీలకంఠం ఆ బిళ్ళ పట్టుకుని ఎన్నో మధ్యాహ్నాలు అక్కడ నిలబడ్డాడు. తీసుకో, మా బావనిచ్చెయ్ అని బతిమాలాడు. ఎవరూ రాలేదు.

తర్వాత పైడిరాజు కథ పూర్తి చేద్దామని కూర్చున్నాడు. పెళ్ళివారింట్లోంచి లేచిన పైడిరాజు, రాసేవాడి మాట వినకుండా, నేరుగా సొరంగంలోకి నడిచిపోయాడు. తాతబాబుని వెతకడానికి. తిరిగి రాలేదు. నీలకంఠం దాన్ని అలాగే పత్రికకి పంపాడు. జనం ఎగబడి చదివారు. మరోటి రాశాడు. అందులో ఒక పంతులు వెళ్ళాడు. ఇంకోదాంట్లో పెళ్ళికూతురు. ఎవరిని పంపినా లోపలికి పోవడమే. పేరు పెరిగింది, దెయ్యాల నీలకంఠం అన్నారు. నవ్వు కథలు మానేశారేం అని ఎవరైనా అడిగితే, నవ్వేవాడు లేడని చెప్పేవాడు. వాళ్ళకది చమత్కారంగా తోచేది.

పత్రిక వచ్చినప్పుడల్లా తాతబాబు భార్య రత్నం వచ్చి వసారాలో కూర్చునేది. ఆమెకి చదువు రాదు. నీలకంఠం చదువుతుంటే చివరిదాకా ఊపిరి బిగబట్టి వినేది.

"ఈపాలి ఆయన్ని తెచ్చినారా అన్నయ్యా?"

"లేదమ్మా."

లేచి వెళ్ళిపోయేది. ఒక వానాకాలం మాత్రం రత్నం లేచి వెళ్ళలేదు.

"నీ సేతిలోదే గదన్నయ్యా కలం," అంది. "ఒక్కపాలి ఇంటికి తెచ్చి రాసీ. ఉట్టి కతే అనుకుంటాను. ఒక్కపాలి."

అతని భార్య ప్రమీలారాణి లోపల్నుంచి చెయ్యి అడ్డంగా ఊపింది. నీలకంఠం చూడనట్టు తల తిప్పుకున్నాడు. అంత చిన్న కోరిక ఎలా కాదంటాడు? ఆ వారమంతా కూర్చుని రాశాడు. ఈసారి కథలో ఎవరినీ లోపలికి పంపలేదు. సొరంగంలోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. చేతిలో లాంతరు. తలమీద గిడుగు. వానలో నడిచి నడిచి రత్నం వాకిట్లో ఆగాడు. తలుపు తీసింది రత్నం.

అచ్చుకి పంపకముందే చదివి వినిపించాడు. రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. వెళ్తూ వెళ్తూ, ఎండు నెత్తళ్ళ చేపలు వండుతానంది. తాతబాబుకి అవంటే ప్రాణం.

సాయంత్రం మబ్బు దిగింది. నెత్తళ్ళ వేపుడు వాసన గోడ దాటి వచ్చింది. ఇంతలో ప్రమీలారాణి పెరట్లోంచి పరుగున వచ్చి మొగుడి భుజం పట్టుకుంది.

"రత్నం వాకిట్లో లాంతరుంది. ఎవరో లోపలికెల్లినారు... గిడుగేసుకుని."

నీలకంఠం చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. నిజంగా సంతోషంతోనే పరుగెత్తాడు. గుమ్మం ముందు లాంతరు వెలుగుతోంది. ఎర్రమట్టి అడుగులు లోపలికి వెళ్ళాయి. తలుపు ఓరగా ఉంది. లోపల కంచం ముందు ఒక వీపు. గిడుగు తియ్యలేదు.

"తాతబాబూ..."

పలకలేదు.

"బావా!"

ఆ వీపు ఇటు తిరగలేదు. సొరంగంలో ముఖం చూడకుండా వచ్చేసిన పాపం గుర్తొచ్చింది. ఒక్కటే దారి తోచింది. గుమ్మంలో నిలబడి, ఆ పెళ్ళిచూపులు మొదలుపెట్టాడు. మామగారి కౌగిలి. పైడిరాజు చేతులు. టేపు. "నలభై... నలభై రెండు!"

నవ్వు బావా. ఒక్కసారి నవ్వు.

పొయ్యి మీద నూనె చిటపటలాడింది. ఆ తర్వాత...

"తర్వాత...?"

రత్నం మెల్లగా గుమ్మం దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. పెదాలు మాత్రమే కదిలాయి.

"లాంతరు రాసినావు. గిడుగు రాసినావు. మొకమెందుకు రాయలేదన్నయ్యా?"

అతను చెయ్యి చాచేలోపు తలుపు లోపల్నుంచి మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

అప్పుడు వినిపించింది. దూరంగా, మబ్బులో, సొరంగం వైపునుంచి. ఎవరో నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. దగ్గాక మళ్ళీ నవ్వారు.